కోస్తారని పెంచి అడగాలా? ప్రాసిక్యూటర్ ఆఫీసు బడ్జెట్ గురించి ఒక ప్రశ్న

ప్రశ్న:

నమస్కారమండీ. పబ్లిక్ ప్రాసిక్యూటర్ల కార్యాలయంలో పరిపాలనాధికారిగా ఈమధ్యే చేరాను. ఇంతకుముందు పనిచేసింది వేరే శాఖలో. లెక్కలు తెలుసు గానీ కోర్టుల సంగతి కొత్త. వచ్చే ఆర్థిక సంవత్సరానికి బడ్జెట్ ప్రతిపాదనలు నెల రోజుల్లో పంపాలి. కిందటేడాది ఫైలు తీసి చూస్తే ప్రతి పద్దు మీదా 20 శాతం కలిపి అడిగారు. ఆర్థిక శాఖ వాళ్లు దాదాపు అంతా కోసేసి పాత మొత్తమే ఇచ్చారు. ఈసారి కూడా అలాగే పంపమంటున్నారు మా చీఫ్ ప్రాసిక్యూటర్ గారు. "అడగందే అమ్మయినా పెట్టదు, ఎలాగూ కోస్తారు, పెంచే అడగండి" అన్నారు. పైగా మా ఆఫీసులో శిక్షలు పడే శాతం పెరిగింది కాబట్టి ఆ అంకెనే మొదటి పేజీలో వేయమన్నారు. నాకేమో ఇది సరైన పద్ధతిగా అనిపించడం లేదు. మా లాయర్లు నిజంగానే పని కింద నలిగిపోతున్నారు. కేసుల వీడియోలు చూడటానికే పొద్దుపోయేదాకా ఆఫీసులో ఉంటున్నారు. ఈ సంగతి అంకెల్లో ఎలా చెప్పాలి? ఇలాంటి ఆఫీసులు బడ్జెట్ ఎలా తయారు చేస్తాయి, ఎవరికి ఇస్తాయి? పేరు, ఊరు వేయకండి.

సమాధానం:

పేరూ ఊరూ వేయడం లేదు. మీది ఏ దేశమో కూడా రాయలేదు కాబట్టి, ఎక్కడైనా పనికొచ్చేలా చెబుతాను. ఫారాలు, తేదీలు, పద్దు నంబర్లు మీ ఆర్థిక శాఖ సర్క్యులర్‌లో ఉంటాయి. అది పక్కన పెట్టుకుని చదవండి.

ముందు మీ సారు మాట గురించి. అడగాల్సిందే, అందులో ఆయన తప్పేం లేదు. కానీ అన్ని పద్దుల మీదా గంపగుత్తగా 20 శాతం కలపడాన్ని అడగడం అనరు. అవతలి కుర్చీలో కూర్చుని ఫైలు చూసేవాడికి అది ఒకే ఒక్క సంగతి చెబుతుంది: ఈ ఆఫీసుకు ఏం కావాలో ఈ ఆఫీసుకే తెలియదని. కాగితాల పద్దు, ప్రయాణాల పద్దు, సాక్షుల భత్యాల పద్దు అన్నీ ఒకే లెక్కన పెరిగే ఆఫీసు ఎక్కడా ఉండదు. అలాంటి ప్రతిపాదన వచ్చినప్పుడు పరిశీలించే అధికారి చేసే పని సులువు. పోయిన ఏడాది అసలు ఖర్చు ఎంతో చూస్తాడు, ఖాళీ పోస్టుల వల్ల ఎంత మిగిలిందో చూస్తాడు, ఆ రెండంకెల మధ్య ఎక్కడో గీత గీసేస్తాడు. మీరు ఇచ్చిన వివరణలో పట్టుకోవడానికి ఏమీ లేదు కాబట్టి ఏం కోసినా మీరు అడ్డు చెప్పలేరు. కిందటేడాది జరిగింది అదే అయి ఉంటుంది.

ఇక ఎవరికి ఇవ్వాలన్నది. ఇది దేశాన్ని బట్టి చాలా మారుతుంది, మారడం వల్ల వాదన కూడా మారుతుంది. భారతదేశంలో ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్ రాష్ట్ర హోం శాఖ పరిపాలన కింద ఉంటుంది. అంటే పోలీసుల కోర్కెలు, మీ కోర్కెలు ఒకే శాఖ మీదుగా ఆర్థిక శాఖకు, అక్కడి నుంచి గ్రాంట్ల డిమాండ్ల (శాఖలవారీగా ఖర్చుకు అనుమతి కోరే పద్దుల) రూపంలో శాసనసభకు వెళ్తాయి. పెద్దన్న పక్కన నిలబడ్డ తమ్ముడి పరిస్థితి. అమెరికాలో ఎక్కువ చోట్ల జిల్లా ప్రాసిక్యూటర్‌ను ఓటర్లు ఎన్నుకుంటారు, డబ్బు మాత్రం కౌంటీ (మన జిల్లాలాంటిది) బోర్డు చేతిలో ఉంటుంది. ఎన్నికైన మనిషి ఎన్నికైన మరో బృందం ముందు నిలబడి అడగాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1986లో పని మొదలుపెట్టిన క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీసు దేశం మొత్తానికి ఒకే సంస్థ. అది నేరుగా ట్రెజరీతో, అంటే అక్కడి ఆర్థిక శాఖతో, వ్యయ సమీక్షలో మాట్లాడుకుంటుంది, పార్లమెంటు ఓటు వేస్తుంది. బ్రెజిల్ రాజ్యాంగమైతే ప్రాసిక్యూషన్ వ్యవస్థకు తన బడ్జెట్ ప్రతిపాదన తానే రాసుకునే అధికారం ఇచ్చింది. కానీ దాని వెంటే ఒక మెలిక ఉంది: గడువులోగా పంపకపోతే ప్రభుత్వం నడుస్తున్న ఏడాది అంకెలనే తీసుకుని ముందుకెళ్లిపోతుంది. గడువు దాటినవాళ్లకు ప్రతి దేశంలోనూ దాదాపు ఇదే జరుగుతుంది, అక్కడ రాజ్యాంగంలో రాశారు, అంతే తేడా. హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో ప్రాసిక్యూటర్‌కు తన ఆఫీసు నిర్వహణ మీద పూర్తి అధికారం ఉంటుంది. అయినా ఆయన బడ్జెట్‌ను 12 మంది నిపుణుల కమిటీ వడగట్టాకే సభ్య దేశాల సభకు వెళ్తుంది. స్వతంత్ర ప్రాసిక్యూటర్ కూడా లెక్క చెప్పాల్సిందే, కేసుల్లో స్వతంత్రం ఉన్నంత మాత్రాన ఖర్చులో ఎవరూ అడగరని కాదు.

కాబట్టి మొదటి పని: మీ కాగితం ఎన్ని బల్లల మీదుగా వెళ్తుందో, ఏ బల్ల దగ్గర నిజంగా కోత పడుతుందో కనుక్కోండి. సాధారణంగా అది పెద్ద సభలో కాదు, అంతకు చాలా ముందు, ఒక మధ్యస్థాయి అధికారి దగ్గర. ఆయనకు మీ ఆఫీసు పని అర్థమైతే సగం పని అయినట్టే. ప్రతిపాదన పంపకముందే ఒకసారి వెళ్లి కలవండి. తప్పేం లేదు, చాలామంది మొహమాటంతో వెళ్లరు.

తయారీ విషయానికొస్తే, ముందు ఉన్నదాన్ని సరిచేయండి, తర్వాతే కొత్తది. జీతాల పద్దును సగటు లెక్కన వేయకండి. ఒక్కో మనిషి పేరున, వచ్చే ఇంక్రిమెంటు ఏ నెలలో, రిటైరయ్యేది ఎప్పుడు, అప్పుడు ఇవ్వాల్సిన సెలవు జీతం ఎంత, అలా వేయాలి. మంజూరైన పోస్టులు ఎన్ని, నిండినవి ఎన్ని, ఖాళీగా ఉన్నవి ఎందుకు ఖాళీగా ఉన్నాయో ఒక పట్టికలో పెట్టండి. పోస్టులు ఖాళీగా ఉంచి కొత్త పోస్టులు అడిగితే ఎవరూ వినరు. ఖాళీలు నియామక సంస్థ ఆలస్యం వల్ల అయితే ఆ ఉత్తరప్రత్యుత్తరాల తేదీలు జత చేయండి. మిగతా పద్దుల్లో సాక్షుల ఖర్చులు, నిపుణుల ఫీజులు, వాంగ్మూలాల నకళ్లు, అనువాదకులు, బయటి లాయర్ల ఫీజులు ముఖ్యం. ఇవి మీ చేతిలో ఉండేవి కావు, విచారణలు ఎన్ని జరిగితే అంత. మూడేళ్ల అసలు ఖర్చు చూపించి, ఏ ఏడాది ఎందుకు ఎగిరిందో ఒక్క వాక్యంలో రాస్తే చాలు. చెల్లించకుండా మిగిలిపోయిన పాత బిల్లులు ఉంటే దాచకండి. అవి కొత్త ఏడాది కేటాయింపును మొదటి నెలలోనే తినేస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి, మీ లాయర్ల పని భారం.

ప్రాసిక్యూటర్ ఆఫీసుకూ మిగతా ఆఫీసులకూ ఒక పెద్ద తేడా ఉంది. పని ఎంత రావాలో మీరు నిర్ణయించరు. పోలీసులు ఎన్ని కేసులు పెడితే అన్ని, శాసనసభ ఏ చట్టం చేస్తే ఆ చట్టం, కోర్టు ఎన్ని గదులు తెరిస్తే అన్ని. మీ ప్రతిపాదన మొత్తం ఈ ఒక్క సూత్రం మీద నిలబడాలి: పని ఎక్కడి నుంచి వచ్చింది, అది ఎన్ని గంటల పని, దానికి ఎంతమంది. ఈ మూడిట్లో ఏ ఒక్కటి తప్పినా కోర్కె కోర్కెగానే మిగిలిపోతుంది.

"ఒక ప్రాసిక్యూటర్‌కు ఏడాదికి ఇన్ని కేసులు" అని ఎక్కడో ఒక ప్రామాణిక అంకె ఉంటుందని మీరు వెతుకుతూ ఉండొచ్చు. వెతకకండి. అమెరికాలో ప్రాసిక్యూటర్ల పరిశోధన సంస్థ ఒకటి ఇదే ప్రశ్న మీద పెద్ద అధ్యయనం చేసి, దేశమంతటికీ సరిపోయే ఒకే అంకె చెప్పడం కుదరదని 2002లో తేల్చింది. హత్య కేసూ చిల్లర దొంగతనమూ ఒకే లెక్కన ఎలా లెక్కిస్తాం? చేయాల్సింది బరువు కట్టడం. కేసులను మూడు నాలుగు రకాలుగా విడదీసి, ఒక్కో రకానికి సగటున ఎన్ని గంటలు పడుతుందో కట్టి, సంఖ్యతో గుణించడం.

ఊహించిన అంకెలతో చూపిస్తాను. పెద్ద నేరాల కేసుకు 60 గంటలు, మధ్యరకానికి 12, చిన్నదానికి 2 అనుకుందాం. కిందటేడాది పెద్దవి 50, మధ్యరకం 400, చిన్నవి 3,000 వచ్చాయి. మొత్తం 3,450 కేసులు, 13,800 గంటలు. ఈ ఏడాది పెద్దవి 70, మధ్యరకం 420, చిన్నవి 2,600. మొత్తం 3,090 కేసులే. ఆర్థిక శాఖ అధికారి ఈ ఒక్క అంకె చూస్తే "కేసులు 10 శాతం తగ్గాయి, ఇంకా మనుషులెందుకు" అంటాడు. అనడంలో తప్పు కూడా లేదు, మీరు ఇచ్చింది ఆ అంకె ఒక్కటే అయితే. గంటల్లోకి మార్చండి: 14,440. కేసులు తగ్గి పని 640 గంటలు పెరిగింది. ఈ ఒక్క పట్టిక మీ సారు కలపమన్న 20 శాతం కన్నా ఎక్కువ పని చేస్తుంది.

గంటలు ఎక్కడి నుంచి తేవాలి? లాయర్లనే రాయమనాలి. ఏడాదంతా కాదు, రెండు మూడు వారాలు చాలు. పావుగంట లెక్కన ఏ రకం కేసు మీద ఏం చేశారో ఒక ఫారంలో. గొణుగుతారు, "కేసులు చూడమంటారా, ఫారాలు నింపమంటారా" అంటారు. ఎందుకో చెప్పండి, పైగా దాన్ని బట్టి ఎవరి పనితీరూ లెక్కించబోమని చీఫ్ చేత రాతపూర్వకంగా చెప్పించండి. లేకపోతే అందరూ రోజుకు పదిగంటలు రాస్తారు, ఆ లెక్క ఎందుకూ పనికిరాదు. కోర్టు వరండాలో కేసు పిలిచేదాకా ఎదురుచూసిన సమయం కూడా రాయించండి. చాలా ఆఫీసుల్లో అది రోజులో పెద్ద ముక్క. అది తగ్గించడం మీ చేతిలో లేదు, కోర్టు చేతిలో ఉంది. ఆ మాట కూడా ప్రతిపాదనలో రాయొచ్చు.

వీడియోల సంగతి విడిగా లెక్కకట్టండి, ఎందుకంటే ఇది కొన్నేళ్ల కిందటిదాకా చాలా చోట్ల లేని పని, పాత అంచనాల్లో ఎక్కడా కనిపించదు. ఒక చిన్న గొడవ కేసు తీసుకోండి. నలుగురు పోలీసులు వచ్చారు, నలుగురి చొక్కాలకూ కెమెరాలు, ఒక్కొక్కటి 45 నిమిషాలు నడిచింది. మూడు గంటల వీడియో. ఎదురు భవనం కెమెరా ఫుటేజీ, ఒకరి ఫోన్లోంచి తీసిన సందేశాలు వేరే. ఎవరో ఒకరు కూర్చుని చూడాల్సిందే. చూడకుండా కోర్టుకు వెళ్లడం ప్రమాదం ఒక్కటే కాదు, చాలా దేశాల్లో చట్టం ఒప్పుకోదు. నిందితుడికి అనుకూలమైన ముఖ్య ఆధారాన్ని ప్రాసిక్యూషన్ తొక్కిపెట్టడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1963లోనే బ్రేడీ కేసులో చెప్పింది. ఇవ్వాలంటే ముందు ఉందని తెలియాలి, తెలియాలంటే చూడాలి. న్యూయార్క్ రాష్ట్రం 2020 జనవరి 1 నుంచి ఆధారాలన్నీ అడగకుండానే నిర్ణీత గడువులో డిఫెన్సుకు (నిందితుడి తరఫు లాయర్లకు) ఇవ్వాలని చట్టం తెచ్చినప్పుడు అక్కడి ప్రాసిక్యూటర్ ఆఫీసులు మనుషుల కోసం, సాఫ్ట్‌వేర్ కోసం పరుగులు పెట్టాయి. తర్వాత రాష్ట్రం ఆ పనికని విడిగా డబ్బు ఇవ్వాల్సి వచ్చింది. చట్టం వచ్చిన రోజే ఖర్చు మొదలైంది, డబ్బు తర్వాత వచ్చింది.

మీ దగ్గర అలాంటి కేసులు ఏడాదికి 600 అనుకుంటే, మూడేసి గంటల చొప్పున 1,800 గంటలు. ఒక ఉద్యోగికి ఏడాదిలో పని దినాలు సుమారు 260. సెలవులు, పండుగలు, శిక్షణ తీసేస్తే 215 మిగులుతాయనుకోండి. రోజుకు నికరంగా ఆరు గంటల పని వేసుకుంటే 1,290 గంటలు. అంటే దాదాపు ఒకటిన్నర పోస్టు. ఇక్కడ ఒక ఉపాయం: ఈ పనికి లాయరే అక్కర్లేదు. చూసి, నిమిషాలవారీగా నోట్ రాసి, ముఖ్యమైన చోట గుర్తు పెట్టే శిక్షణ పొందిన సహాయకుడు చాలు. లాయర్ ఆ గుర్తులు పెట్టిన ముక్కలు చూసుకుంటాడు. ఖరీదైన పోస్టు బదులు తక్కువ జీతం పోస్టు అడుగుతున్నారంటే ఆర్థిక శాఖ వాళ్లు ఒక్కసారి తలెత్తి చూస్తారు.

రాసే తీరు కూడా చూపిస్తాను. మామూలుగా మన ఆఫీసుల్లో రాసేది ఇలా ఉంటుంది: "పని భారం విపరీతంగా పెరిగినందున, కేసుల విచారణ సజావుగా సాగుటకు గాను మూడు పోస్టులు మంజూరు చేయవలసినదిగా కోరడమైనది." ఇందులో ఏముంది? ఏమీ లేదు. దాని బదులు: "పోలీసు శాఖ బాడీ కెమెరాలు వాడటం మొదలుపెట్టాక 600 కేసుల్లో సగటున 3 గంటల వీడియో అదనంగా వస్తోంది. ఇది ఏడాదికి 1,800 గంటల పని. ప్రస్తుతం దీన్ని ప్రాసిక్యూటర్లే చేస్తున్నారు. ఒక ఉద్యోగికి అందుబాటులో ఉండే సమయం 1,290 గంటలు. ఒక వీడియో పరిశీలకుడి పోస్టు కోరుతున్నాం. మిగిలిన 510 గంటలు ఉన్న సిబ్బందితోనే సర్దుకుంటాం. పోస్టు రాకపోతే గడువులోగా ఆధారాలు అందించలేని కేసులు పెరుగుతాయి. గత ఏడాది అలాంటివి ఇన్ని." చివర "ఇన్ని" అన్న చోట మీ అసలు అంకె వేయండి. సర్దుకుంటాం అన్న ఆ ఒక్క వాక్యం మిగతా అన్ని వాక్యాలకూ నమ్మకం తెస్తుంది.

ఇప్పుడు శిక్షల శాతం. ఈ ఒక్క విషయంలో మీ సారుతో గట్టిగానే మాట్లాడండి. మర్యాదగానే, కానీ గట్టిగా.

శిక్షలు పడ్డ శాతాన్ని బడ్జెట్ మొదటి పేజీలో పెట్టిన రోజు నుంచీ ఆ అంకె మీ మెడకు చుట్టుకుంటుంది. వచ్చే ఏడాది తగ్గితే "డబ్బిచ్చాం, ఏం చేశారు" అంటారు. అది తగ్గకుండా ఉండాలంటే ఆఫీసు ముందున్న దారులు రెండే. ఒకటి, మెరుగ్గా పనిచేయడం. రెండు, గెలిచే కేసులే ఎంచుకుని కష్టమైనవాటిని పక్కన పెట్టడం, సాక్ష్యం బలహీనంగా ఉన్నా ఒత్తిడి పెట్టి నేరం ఒప్పించడం. రెండోదే సులువు. లైంగిక నేరాల్లాంటి కేసుల్లో సాక్ష్యం తరచూ ఒకరి మాటకు ఎదురుగా ఇంకొకరి మాటగా ఉంటుంది. అంకె కోసం పనిచేసే ఆఫీసులో ముందు బలయ్యేవి అవే. సాక్ష్యం చాలని కేసును మొదట్లోనే ఆపేయడం కూడా ప్రాసిక్యూటర్ చేయాల్సిన మంచి పనే, దానికీ గంటలు పడతాయి. శిక్షల శాతంలో అది ఎక్కడా కనపడదు. జరిమానాలు ఎంత వసూలయ్యాయో, ఎంత ఆస్తి జప్తు చేశారో చూపించి "మా ఖర్చు మేమే రాబట్టుకుంటున్నాం" అనడం ఇంకా ఘోరం. ప్రాసిక్యూటర్‌కు కేసులో ఆర్థిక లాభం ఉందని డిఫెన్సు లాయర్ వేలెత్తి చూపడానికి అంతకన్నా మంచి కాగితం దొరకదు.

"మరి పనితీరు అంకెలు అడుగుతారు కదా" అంటారు మీరు. అడుగుతారు, ఇవ్వాలి. మీ చేతిలో ఉన్నవి ఇవ్వండి. పోలీసుల నుంచి ఫైలు వచ్చాక కేసు పెట్టాలా వద్దా అన్న నిర్ణయానికి ఎన్ని రోజులు పడుతోంది. ప్రాసిక్యూషన్ సిద్ధంగా లేక పడిన వాయిదాలు ఎన్ని. ఆధారాలు గడువులో ఇచ్చిన కేసులు ఎన్ని. బాధితులకు కేసు పరిస్థితి తెలియజేసింది ఎంతమందికి. సరిచేయమని పోలీసులకు తిప్పిపంపిన ఫైళ్లెన్ని. వీటిలో ఏది మెరుగైనా న్యాయం చెడదు. నా మటుకు నాకు అన్నింటిలోకీ వాయిదాల లెక్కే నచ్చుతుంది, ఎందుకంటే ఒక్కో వాయిదాకు సాక్షి ప్రయాణం, పోలీసు డ్యూటీ, కోర్టు సమయం అన్నీ వృథా. మీ పద్దులో కనపడని ఖర్చు వేరేవాళ్ల పద్దుల్లో పడుతోందని చూపించొచ్చు.

ఆలస్యం ఖరీదు చూపించడానికి కెనడా మంచి ఉదాహరణ. అక్కడి సుప్రీంకోర్టు 2016లో జోర్డన్ కేసులో గడువులు పెట్టింది: ప్రావిన్షియల్ (కింది) కోర్టులో 18 నెలలు, సుపీరియర్ (పై) కోర్టులో 30 నెలలు. అది దాటితే ఆలస్యం అన్యాయమైనదని అనుకుని, ప్రత్యేక పరిస్థితులను ప్రభుత్వం రుజువు చేయలేకపోతే కేసు ఆగిపోతుంది. అక్కడ సిబ్బంది కొరత అంటే పని ఒత్తిడి మాత్రమే కాదు, తీవ్రమైన కేసు విచారణ లేకుండానే ముగిసిపోయే ప్రమాదం. మీ చట్టంలో ఉన్న గడువులేమిటో పట్టిక వేయండి. భారతదేశంలోనైతే 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర దర్యాప్తు, విచారణ పద్ధతి చట్టం), ఏడేళ్లు ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లడాన్ని తప్పనిసరి చేసింది, రాష్ట్రాలు దాన్ని దశలవారీగా అమలు చేసే వీలుతో. ఆ నివేదికలు వస్తే వాటిని చదివి, నిపుణుణ్ణి కోర్టులో విచారించేది ఎవరు? ప్రాసిక్యూటరే. పోలీసులకూ ల్యాబులకూ డబ్బు లెక్కకట్టి ఈ చివరి మెట్టును మర్చిపోవడం చాలా చోట్ల చూస్తాం.

అందుకే పోలీసు శాఖ, కోర్టుల ప్రతిపాదనలు ముందే తెప్పించుకోండి. వాళ్లు కొత్తగా వందమంది కానిస్టేబుళ్లను అడుగుతున్నారా, సైబర్ విభాగం పెడుతున్నారా, హైకోర్టు కొత్త ప్రత్యేక న్యాయస్థానాలు తెరుస్తోందా? ఒక్కో కొత్త కోర్టు గదికి ఒక ప్రాసిక్యూటర్, ఒక సహాయకుడు ఉండాలి. ఇది వాదించాల్సిన పని లేని కోర్కె, ఆ కోర్టు మంజూరు ఉత్తర్వు జత చేస్తే చాలు.

ఇంకొకటి, పెండింగ్‌లో ఉన్న ఏ కేసు పేరూ ప్రతిపాదనలో రానివ్వకండి. "ఫలానా కేసు నడపాలంటే ఇంత కావాలి" అని రాస్తే, ఇవ్వనివాడు ఆ కేసు ఆపినట్టు, ఇచ్చినవాడు నడిపించినట్టు అవుతుంది. డబ్బిచ్చేవాళ్ల చేతికి కేసు తాళం ఇవ్వకూడదు. అనుకోని పెద్ద విచారణల కోసం అత్యవసర పద్దు ఒకటి అడగండి, దాన్ని ఎప్పుడు తీయాలో నియమం రాయండి. ఐరోపా దేశాల మానవ హక్కుల సంస్థ కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2000లో చేసిన సిఫారసులో ప్రాసిక్యూటర్లకు తగిన బడ్జెట్ వనరులు ఉండేలా చూడటం రాజ్యం బాధ్యత అనీ, ఆ పరిస్థితులను వాళ్ల ప్రతినిధులతో మాట్లాడి ఏర్పాటు చేయాలనీ రాసింది. మీ దేశానికి అది వర్తించకపోయినా ఆ ఆలోచన మీ ముందుమాటలో పనికొస్తుంది.

బయటి గ్రాంట్లతో నడిచే పోస్టులు ఉంటే వాటిని ప్రత్యేకంగా చూపించి, గ్రాంటు ముగిసే తేదీ పక్కన రాయండి. అమెరికాలో బాధితుల సహాయకులు చాలామంది జీతాలు 1984 నాటి చట్టంతో ఏర్పడ్డ నేర బాధితుల నిధి మీద ఆధారపడ్డాయి. ఆ నిధిలోకి వచ్చేది ఫెడరల్ కోర్టు జరిమానాలు. అవి తగ్గేసరికి గ్రాంట్లు బాగా కోతపడ్డాయి, 2021లో చట్టం సవరించాల్సి వచ్చింది. ఏటా ఉండే పనికి ఎప్పుడు ఆగిపోతుందో తెలియని డబ్బు పెట్టుకుంటే ఇదే గతి.

చీఫ్ గారికి బడ్జెట్ సమావేశం గురించి కూడా చెప్పాలి. మాట్లాడాల్సింది ఆయనే, మీరు పక్కన అంకెలతో ఉండాలి. కోర్కెలు మూడుకు మించొద్దు, వరసలో ఉండాలి, మొదటిది నిజంగా మొదటిదై ఉండాలి. "పది శాతం కోస్తే ఏం ఆపుతారు" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. దానికి "హత్య కేసులు ఆపేస్తాం" అని బెదిరించకండి. ఆపరని ఆయనకూ తెలుసు, అడిగినవాడికీ తెలుసు. చిన్న కేసుల్లో నిర్ణయానికి ఇప్పుడు పట్టే రోజులు ఇన్ని నుంచి ఇన్నికి పెరుగుతాయి, బాధితులకు సమాచారం ఇచ్చే పని సగం ఆగుతుంది, అని చెప్పగలిగితే చాలు. ఇరవై శాతం కలిపి పంపిన ఆఫీసు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు, ఎందుకంటే కోత ఎక్కడ తగులుతుందో దానికి తెలియదు. మీ సారును ఒప్పించడానికి నేనైతే ఇదే వాడతాను: ఆ ప్రశ్న ఆయన్నే ముందుగా ఒకసారి అడగండి.

మంజూరయ్యాక నెలనెలా ఖర్చు చూసుకోండి. పోస్టు ఇచ్చాక నియామకం ఆలస్యమై నిధులు మురిగిపోతే వచ్చే ఏడాది మొదటి కోత అక్కడే పడుతుంది.

మీకు నెల రోజులే ఉన్నాయి కాబట్టి అన్నీ ఈసారే కావు. ఈ వారం సమయం ఫారం పంచండి, పోలీసు శాఖ గణాంక విభాగానికి ఉత్తరం రాయండి. రెండో వారంలో జీతాల పద్దు మనిషివారీగా ముగించండి. మూడో వారం చివరికి గంటల లెక్క చేతికొస్తుంది. అప్పటికి వీడియో పోస్టు ఒక్కటి గట్టిగా నిలబడేలా రాయగలిగితే చాలు, మిగతావి పాత మొత్తం మీద ధరల పెరుగుదల మేరకు మాత్రమే పెంచి పంపండి. ఆ సమయం ఫారాలు పారేయకండి, ఆరు నెలల తర్వాత ఇంకోసారి అదే ఫారం నింపిస్తే వచ్చే ఏడాదికి రెండు అంకెలు పక్కపక్కన ఉంటాయి.